సెట్టు ఒకటి, కాళ్ళు పైకి

యాభై ఏళ్ళు నిండిన ఏ యంత్రాన్నీ ఇకమీదట పాతసామాను అనకూడదు, ‘వారసత్వ సంపద’ అనాలి అని ప్రాచీన యంత్ర పరిరక్షణ మండలి వారు పేపర్లో ప్రకటన వేసిన రోజున మా తూములపాడులో ఎవరూ కంగారు పడలేదు. మా ఊళ్ళో ఆ ఈడు యంత్రాలకు కరువు లేదు. పంచాయతీ మోటారు, పిండిమర, సొసైటీ ఆఫీసు ఫ్యాను, అన్నీ అవే. వాటిలో సగం పనిచెయ్యవు, మిగతా సగం తన్నితే గాని పనిచెయ్యవు. మేం ఇంత సంపద మధ్య బతుకుతున్నామని అప్పటిదాకా మాకు తెలియదు.

ప్రకటన చివర ‘ఎంపికైన యంత్రముల యజమానులకు శాలువా కప్పబడును’ అని ఉంది. దానికి పడిపోయినవాడు పోలిశెట్టి పున్నారావు.

పున్నారావు హైస్కూలు సైన్సు ల్యాబులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. డెబ్భై నాలుగేళ్ళు. హామ్ రేడియో ఆయన పిచ్చి. హామ్ రేడియో అంటే పాటలు వినేది కాదు. సర్కారు పరీక్ష రాసి, లైసెన్సు పుచ్చుకుని, ఇంట్లో కూర్చుని గాలిలో పై ఊళ్ళవాళ్ళతో కబుర్లు చెప్పుకునేది. చాలామంది నోటితో మాట్లాడతారు. పున్నారావు మాత్రం మోర్సు మనిషి. మీట నొక్కి పొట్టి కూత, పొడుగు కూత పంపుతాడు. అవతలివాడు వాటిని అక్షరాలుగా కూర్చుకుంటాడు. ఆ కూతలు పంపే సెట్టును 1974లో తన చేతులతో తనే చేశాడు. మిలిటరీ వేలంలో దొరికిన వాల్వులు, ఎవరో పారేసిన ట్రాన్స్‌ఫార్మరు, కిరసనాయిలు డబ్బా రేకు, నాలుగు చెక్క కాళ్ళు. అది ముందు గదిలో బల్ల మీద ఉంటుంది. వినే సెట్టు వేరే ఉంది, అది ఈమధ్య కొన్నది. దాన్ని వంటింటి అలమరలో పోపులపెట్టె పక్కన పెట్టుకుని, మీటను కూడా పొడుగు వైరుతో అక్కడికే లాక్కున్నాడు. “పొద్దున్నే ఆ ముందు గదిలో దూరి కూకుంటే కుదరదు, నా కంటికి కనపడాల” అని భార్య మాలకొండమ్మ పెట్టిన షరతు అది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి ఉదయం ఆరూ నలభైకి జమ్మలమడుగు నుంచి ఓబుళేసు అనే ఆయన పలుకుతాడు. పోలీసు వైర్‌లెస్‌లో చేసి దిగినవాడు. ఈ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకరి గొంతు ఒకరు వినలేదు కూడా, అంతా మీటే. మాట్లాడుకునేది కూడా ఏమీ ఉండదు. మీ ఊళ్ళో ఎండ ఎట్లుంది, మా ఊళ్ళో ఇట్లుంది, ఇడ్లీ తిన్నా, నేను ఉప్మా తిన్నా. అంతే. అయినా ఆ ఇరవై నిమిషాలూ కుదరకపోతే పున్నారావుకు ఆ రోజు మొదలైనట్టు ఉండదు. చేతిరాతలాగే మీట నొక్కే తీరు కూడా ఒక్కొక్కరిది ఒక్కొక్కటి. పున్నారావు ప్రతి మాట చివరి కూతను కాస్త సాగదీస్తాడు, పాయసం తాగాక వేలు నాకినట్టు. పది వేల కూతల్లో ఉన్నా ఓబుళేసు దాన్ని గుర్తుపడతాడు.

శాలువా కోసం పున్నారావు దరఖాస్తు పెట్టాడు. పెట్టి మర్చిపోయాడు. ఒక బుధవారం నాడు సెట్టులో కండెన్సరు అనే ముక్క ఒకటి ఉబ్బి సెట్టు మూగబోయింది. ఒక్క పూట ఆలస్యమైనా ఓబుళేసు కంగారు పడతాడని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, సెట్టును తలకిందులు చేసి, కండెన్సరు ఊడదీశాడు. కొత్తది పెట్టడానికి చెయ్యి చాచాడు. సరిగ్గా అప్పుడు వాకిట్లో జీపు ఆగింది.

“ఆగండి! ఆ హస్తమును వెనుకకు తీసుకొనండి!”

గుమ్మంలో మండలి ప్రాంతీయ అధికారి విద్యాధరం గారు నిలబడి ఉన్నారు. వెనక ఫోటోగ్రాఫరు, ఆ వెనక రిజిస్టరు మోసే గుమాస్తా. పున్నారావు ఉలిక్కిపడిన క్షణాన్నే ఫోటో తీశారు.

“రెండు గంటల పని సార్. ఈ ముక్క అతికించానంటే సెట్టు లేచి కూర్చుంటది.”

“లేచి కూర్చొనుటకు వీలు లేదు,” అన్నారు విద్యాధరం గారు. “నిబంధన ఏడు. వారసత్వ యంత్రము కనుగొనబడిన క్షణమున ఏ స్థితిలో ఉన్నదో, ఆ స్థితియే దాని చారిత్రక స్థితి. రాసుకోవయ్యా.”

గుమాస్తా రిజిస్టరు తెరిచాడు. విద్యాధరం గారు బల్ల చుట్టూ తిరుగుతూ చెప్పారు.

“ప్రసార యంత్రము ఒకటి, తలక్రిందులు. కాళ్ళు నాలుగు, పైకి. ఊడదీయబడిన కండెన్సరు ఒకటి, ఉబ్బినది. స్క్రూలు పదకొండు, మూతలో. టీ గ్లాసు ఒకటి, సగము నిండినది. బల్లి ఒకటి, సజీవము, ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కన, ముఖము తూర్పునకు.”

“బల్లి కూడానా సార్?” అంది మాలకొండమ్మ.

“చరిత్రలో మనము ఎంపిక చేసుకొనరాదమ్మా. ఉన్నది ఉన్నట్లు స్వీకరించవలెను.”

బల్ల చుట్టూ పసుపు టేపు కట్టి, పున్నారావుకు శాలువా కప్పి వెళ్ళిపోయారు. శాలువా బాగానే ఉంది. పున్నారావు దాన్ని కప్పుకునే, ఆరు అడుగుల దూరం నుంచి, తన సెట్టు కాళ్ళను చూస్తూ నిలబడిపోయాడు.

మర్నాడు కాపలాకు నాగుల్ మీరా అనే ఆయన్ని వేశారు. పక్క ఊరివాడే, యాభై ఏళ్ళ మనిషి, మంచివాడు. రిజిస్టరు నకలు చేతికిచ్చి అందులో ఉన్నది ఉన్నట్టు ఉండేలా చూసుకోమన్నారు. గ్లాసులో టీ రాత్రికి రాత్రే కొంత ఆరిపోయి ఉంది. మీరా భయపడి మాలకొండమ్మను అడిగి టీ పోయించాడు. పొరపాటున గ్లాసు నిండింది. సగం తాగి సరిచేశాడు. ఆ తర్వాత రోజుకు రెండు పూటలా అదే పొరపాటు పడుతూ వచ్చాడు.

ఆరూ నలభైకి వంటింటి సెట్టులో ఓబుళేసు పిలుపు మొదలైంది. పిలిచాడు. ఆగాడు. మళ్ళీ పిలిచాడు. పున్నారావు వింటున్నాడు, జవాబు చెప్పే దారి లేదు. ముందు గదిలో కాళ్ళు పైకి పెట్టి పడుకుని ఉంది దారి.

శుక్రవారం పున్నారావు మరమ్మతుకు అనుమతి కోరుతూ అర్జీ రాసుకుని ఒంగోలులో మండలి ఆఫీసుకు వెళ్ళాడు.

“మరమ్మతా?” అన్నారు విద్యాధరం గారు, ఎవరో చావు కబురు చెప్పినట్టు. “మరమ్మతు అనగా చరిత్రను వక్రీకరించుట. ఆ యంత్రము పాడైపోయి ఉన్నది. పాడైపోయి ఉండుటయే దాని సత్యము. దానిని బాగుచేసి మీరు అసత్యమును సృష్టించెదరా?”

“నేను చేసిన సెట్టు సార్ అది. అప్పట్లో నేనే దాన్ని నూరుసార్లు విప్పా.”

“అప్పట్లో అది యంత్రము. ఇప్పుడు సంపద.”

“అవతల నా స్నేహితుడు పిలుస్తా ఉండాడు సార్, పొద్దున్నే. నేను పలక్కపోతే ఏమనుకుంటాడు?”

విద్యాధరం గారు అర్జీని, దానితో పాటు మొన్నటి ఫోటోనూ దగ్గరకు తీసుకుని చూశారు. చాలాసేపు చూశారు. “ఫోటోలో మీరు కూడా ఉన్నారే,” అన్నారు ఆలోచనగా. పున్నారావు అది మెచ్చుకోలు అనుకుని ఇంటికి వచ్చేశాడు.

ఆదివారం ఉదయం రాష్ట్రంలోని హాములందరూ ఒకచోట కలుస్తారు, గాలిలోనే, నోటిమాటలతో. పున్నారావు ఎప్పుడూ వినడమే. ఆ వేళ ఓబుళేసు గొంతు మొదటిసారి విన్నాడు.

“సోదరులారా. తూములపాడు పున్నారావు నాలుగు దినాలుగా పలకలేదు. ముప్పై ఒక్క ఏండ్లలో ఒక్క పొద్దన్నా తప్పినోడు గాదు. జొరమొచ్చినా పలికినాడు, తుపానొచ్చినా పలికినాడు. ఇంగ ఆయప్ప లేడనే అనుకోవాల. ఒక నిమిషం లేచి నిలబడుదాం.”

గాలిలో నిమిషం పాటు నిశ్శబ్దం. వంటింట్లో పున్నారావు కూడా లేచి నిలబడ్డాడు.

“కూకోవయ్యా,” అంది మాలకొండమ్మ. “నీకు నువ్వే నిలబడతావా?”

“అందరూ నిలబడి ఉంటే నేనొక్కణ్ణే ఎట్ట కూకునేది?”

తర్వాత ఒక్కొక్కరూ పున్నారావు గుణగణాలు చెప్పారు. రాజమండ్రి ఆయన ఒకడు పున్నారావును మహామేధావి అన్నాడు. “ఎనభై తొమ్మిదిలో నా మీటరు తీసుకుపోయి ఇంతవరకూ ఇవ్వలా, వాడికి ఇప్పుడు గుర్తొచ్చానా” అని పున్నారావు పళ్ళు నూరాడు. అంతలో ఓబుళేసు మళ్ళీ అందుకున్నాడు.

“ఆయప్ప లేనాక నాకింగ ఈ సెట్టు ఎందుకు? ఇదీ యాభై ఏండ్లదే. పాత యంత్రాలు కాపాడే మండలి ఒకటుందంట గదా, వాళ్ళకు రాసినా. వచ్చే ఆదివారం తొమ్మిదికి జీపు వస్తాది. పున్నారావు పేరు మింద సెట్టు వాళ్ళ చేతిలో పెట్టేస్తా. ఆ పొద్దున ఆరూ నలభైకి కడసారి పిలిచి చూస్తా. పలికితే సరే. లేకుంటే అంతే.”

పున్నారావు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తన సెట్టు బిగుసుకుపోయింది చాలక ఓబుళేసు సెట్టు కూడా ఆ రిజిస్టరులోకి ఎక్కితే, ఇక ఈ జన్మలో ఇద్దరికీ మాట కలవదు.

“ఫోను చేసి చావరాదూ!” అంది మాలకొండమ్మ. ఆ ముక్క పున్నారావుకు తట్టలేదు. హాముకు తట్టదు. హాముల జాబితా పుస్తకం వెతికి నంబరు పట్టుకుని చేశాడు.

“ఓబుళేసూ, నేను పున్నారావుని.”

“యా పున్నారావు?”

“తూములపాడు పున్నారావునయ్యా, బతికే ఉన్నా!”

“ఓరి మీ బుద్ధి తగలెయ్య! పొద్దున సంతాపం చెప్పినాం, పదికంతా ఫోను చేస్తిరే! చచ్చినోళ్ళ పేర్లు గూడా వదలరా? పున్నారావు ఫోను చేసే రకం గాదప్పా. చచ్చినా చెయ్యడు. ఊఁ, ఇంగ ఓటీపీ అడుగు. అడుగు, అడుగు.”

“ఓటీపీ కాదయ్యా, మొన్న మంగళవారం నువ్వు పెసరట్టు తిన్నానని చెప్పలా?”

“ఆ కబురు గాలిలో ఎవురైనా ఇనొచ్చు. పెట్టెయ్‌ ఫోను, పోలీసులకు చెప్తా. నేనూ పోలీసునే.” ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మోగలేదు. నంబరు బ్లాకు చేసేశాడు.

ఇక తనే జమ్మలమడుగు వెళ్ళాలని పున్నారావు గురువారం బస్సుకు సంచి సర్దుకున్నాడు. బుధవారమే విద్యాధరం గారు దిగారు. నేరుగా బల్ల దగ్గరకు వెళ్ళి రిజిస్టరు ప్రకారం తనిఖీ మొదలుపెట్టారు. కాళ్ళు నాలుగు, పైకి. స్క్రూలు పదకొండు. టీ సగం. బల్లి దగ్గర ఆగారు.

“బల్లి ఏది?”

మీరా బల్ల కిందికి వంగి చూశాడు. “ఇప్పుడే ఇక్కడే ఉండింది సార్. బయటికి పోయుంటది, వచ్చేస్తది.”

“సంపద బయటికి పోవుట ఏమిటి? సాయంత్రము లోపల హాజరుపరచని యెడల మెమో.”

మీరా ఊరంతా తిరిగి స్కూలు వరండాలోంచి ఒక బల్లిని పట్టి తెచ్చాడు. అది పాతదాని కంటే లావు. విద్యాధరం గారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. “రిజిస్టరులో కొలతలు నమోదు కాలేదు. కావున అదే బల్లిగా పరిగణించడమైనది. ముఖము తూర్పునకు త్రిప్పుము,” అన్నారు. మీరా దాన్ని తూర్పుకు తిప్పాడు. అది పడమటికి తిరిగింది. ఆ తిప్పడం ఆ పూటంతా సాగింది.

తర్వాత ఆయన ఫోటో బయటికి తీశారు. “రెండవ లోపము. ఫోటోలో నిర్మాత స్టూలుపై కూర్చుని, కుడి హస్తము చాచి ఉన్నారు. ఇప్పుడు స్టూలు ఖాళీ. నిర్మాత వయస్సు ఎంత?”

“డెబ్భై నాలుగు,” అన్నాడు పున్నారావు అమాయకంగా.

“యాభై దాటినది,” అన్నారు విద్యాధరం గారు. “రాసుకోవయ్యా. నిర్మాత ఒకరు, సజీవము, స్టూలుపై.”

అలా పున్నారావు కూడా రిజిస్టరులోకి ఎక్కాడు. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా టేపు లోపల స్టూలు మీద కూర్చుని, కుడి చెయ్యి చాచి ఉండాలి. భోజనానికీ, కాలకృత్యాలకూ వెసులుబాటు ఉంది, కాని ఊరు దాటకూడదు. సంచి సర్దినది సర్దినట్టే ఉండిపోయింది.

“ఇంతకాలం ఇంట్లో ఉండమంటే ఉండడు,” అంది మాలకొండమ్మ మీరాతో. “ఏ మాటకామాట, మీ ఆఫీసరు గట్టోడే.” అంటూనే పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

చాచిన చేతికి కండెన్సరు జానెడు దూరంలో ఉంది. మనిషన్నాక ఆగుతాడా? గురువారం మధ్యాహ్నం మీరా తన పొరపాటు తను తాగుతుండగా పున్నారావు చెయ్యి ఒక జానెడు ముందుకు పోయింది. మీరా చూశాడు. కడుపు నింపుతున్న ఇల్లని వెనకాడాడు గాని, ఉద్యోగానికి భయపడి చెప్పేశాడు. శుక్రవారానికల్లా అలారం వచ్చింది. పసుపు టేపు తీసేసి సెట్టు చుట్టూ సన్నటి తీగ తిప్పారు. ఆ తీగ మీద వేలు పడితే సైరను కూస్తుంది, వేలు తీస్తే ఆగుతుంది. వేలు పడిన ప్రతిసారీ విద్యాధరం గారి సెల్లుకు కబురు పోతుంది. సైరను ఇంటి కప్పు మీద పెట్టాలి; దానికి పోయే వైరును ఆనించడానికి గుంజ దొరకలేదు. మండలి ఎలక్ట్రీషియను అటూ ఇటూ చూసి, ఇంటి వెనక రెండు తాటిచెట్ల మధ్య ఉన్న, పున్నారావు కూతలను గాలికెక్కించే ఏరియలు తీగకు దాన్ని చుట్టేసి చేతులు దులుపుకున్నాడు. సెట్టు రిజిస్టరులో ఉంది గాని ఏరియలు లేదు. దాన్ని ఎవరేం చేసినా అడిగేవాడు లేడు.

శనివారం ఉదయం పున్నారావు తుమ్మాడు. వేలు తీగకు తగిలింది. సైరను కుయ్యిమంది. వంటింట్లోంచి మాలకొండమ్మ కేక వేసింది.

“ఏందయ్యా అది! ఆ కూత కూస్తే ఇక్కడ నీ డబ్బా గూడా బర్రుమంటాంది! పోపు మాడిపోయింది.”

పున్నారావు మెల్లగా తల తిప్పాడు. “బర్రుమందా? ఎంతసేపు?”

“అది కూసినంతసేపూ.”

మళ్ళీ వేలు పెట్టాడు. “ఇప్పుడు?”

“బర్ర్‌!”

చటుక్కున పెట్టి తీశాడు. “ఇప్పుడు?”

“బర్‌!”

సంగతి ఇది. మండలి వారు కొన్న అలారం నాసిరకం సరుకు. సైరనుతో పాటు అది రేడియో చప్పుడు కూడా పుట్టిస్తోంది. ఆ చప్పుడు పోయి పోయి ఏరియలు ఎక్కుతోంది. ముప్పై ఒక్క ఏళ్ళు జమ్మలమడుగు దాకా మాట మోసిన ఏరియలు, చప్పుడును మొయ్యదా? పొయ్యి పక్కన వినపడటం గొప్ప కాదు, అంత దూరం పోతుందో లేదో పున్నారావుకూ తెలియదు. తెలుసుకోవాలంటే ఒక్కటే దారి, ఒక్కటే పూట.

ఆదివారం ఆరూ నలభై. వంటింటి సెట్టులో ఓబుళేసు పిలుపు వినిపించింది. నిదానంగా, ఒక్కొక్క అక్షరం కూడదీసుకుని. పిలిచి ఆగాడు.

పున్నారావు స్టూలు మీద నిటారుగా కూర్చుని, చాచిన చెయ్యి చాచినట్టే ఉంచి, చూపుడు వేలు తీగ మీద ఆనించాడు. కప్పు మీద సైరను కుయ్‌, కుయ్య్య్‌, కుయ్‌ అంది. ఊళ్ళో కుక్కలు అందుకున్నాయి. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి.

“బాబాయ్‌! వేలు తియ్యి బాబాయ్‌! నా ఉద్యోగం పోద్ది!” మీరా గ్లాసుతో సహా పరిగెత్తుకొచ్చాడు.

“నేను కదిలానా మీరా? స్టూలు మీదే ఉన్నా. చెయ్యి చాపే ఉంది. ఫోటో చూసుకో.”

మీరా ఫోటో చూశాడు. పున్నారావును చూశాడు. తేడా కనపడలేదు.

జవాబు లేదు. పున్నారావు మళ్ళీ పంపాడు. లేదు. మూడోసారి పంపుతుంటే నుదుటి మీంచి చెమట కారి తీగ మీద పడుతోంది. నాలుగోసారి అయ్యాక వంటింట్లో చిన్న కూతలు మొదలయ్యాయి. పున్నారావు ఒక్కొక్క అక్షరం పైకి చదివాడు.

“ఎవురది. మిక్సీనా, మనిషా.”

“మనిషినే. పున్నారావుని. బతికే ఉన్నా,” అని సైరను చెప్పింది, చివరి కూతను కాస్త సాగదీసి.

మాలకొండమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత జవాబు వచ్చింది. తడబడుతూ, తప్పులతో వచ్చింది.

“నీ చెయ్యే. నీ చెయ్యేనప్పా. మోకాళ్ళ నొప్పులు పెట్టుకోని నీ కోసం నిమిషం సేపు నిలబడితినే!”

“నేనూ నిలబడ్డాలే,” అని పంపాడు పున్నారావు.

ఆపైన ఇరవై నిమిషాలు ఊరు ఊరంతా చెవులు మూసుకుంది. పున్నారావు జరిగిన కథ మొత్తం చెప్పాడు. ఓబుళేసు ఒక్కటే మాటన్నాడు. “జీపొచ్చే లోపల సెట్టు అటకెక్కిస్తా. ఏండ్లు అడిగితే నలభై తొమ్మిది అని చెప్తా. ఎన్నేండ్ల తర్వాత అడిగినా నలభై తొమ్మిదే.”

పన్నెండు గంటలకు విద్యాధరం గారు వచ్చారు. మొహం కందిపోయి ఉంది. “నాలుగు వేల పన్నెండు పర్యాయములు! నా సెల్లు ఫోను వేడెక్కి ఆగిపోయినది! సంపదను ఏమి చేసితిరి?”

“తనిఖీ చేసుకోండి సార్‌.”

చేసుకున్నారు. కాళ్ళు నాలుగు, పైకి. స్క్రూలు పదకొండు. టీ సగం. బల్లి తూర్పుకు. నిర్మాత స్టూలు మీద. అంతా రిజిస్టరు ప్రకారం ఉంది. విద్యాధరం గారికి చెమట పట్టింది. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో, తప్పు జరిగినట్టు తెలిసి కూడా తప్పు ఎక్కడుందో దొరక్కపోవడం అదే మొదలు. నాలుగు వేల పన్నెండు కబుర్లు హెడ్డాఫీసు కంప్యూటరులో కూడా పడ్డాయి, ఏదో ఒకటి రాయాలి.

“రాసుకోవయ్యా,” అన్నారు చివరకు నీరసంగా. “ఆరు గంటల నలభై నిమిషములకు నిర్మాత వ్రేలు తీగపై ఆనుచు, లేచుచు, ఆనుచు కనుగొనబడినది. కూతలు పొట్టివి, పొడుగువి.”

గుమాస్తా రాశాడు. రాశాక పెన్ను ఆగింది. “సార్‌, కనుగొనబడినది అని రాశాం. నిబంధన ఏడు...”

విద్యాధరం గారు కళ్ళు మూసుకున్నారు.

బుధవారం ఉత్తర్వు వచ్చింది. నిర్మాత ప్రతిదినము ఆరు గంటల నలభై నిమిషముల నుండి ఏడు గంటల వరకు, కనుగొనబడిన విధముననే, తీగపై వ్రేలు ఆనించుచు తీయుచు ఉండవలెను. విరామము లేదు. తప్పిన యెడల మెమో. కొన్నాళ్ళకు ఆ కూత భరించలేక మా ఊరివాళ్ళం నలభై మందిమి సంతకాలు చేసి అర్జీ పెట్టాం. వారసత్వ శబ్దమునకు అంతరాయము కలిగించరాదని జవాబు వచ్చింది.

ఉత్తర్వు వచ్చిన మర్నాడు, గురువారం పొద్దున, పున్నారావు దాన్ని మొత్తాన్ని ఓబుళేసుకు కూతల్లో చదివి వినిపించాడు. తర్వాత మెల్లగా జవాబు వచ్చింది.

“నీ పాత సెట్టు కంటే ఈ కూతే స్పష్టంగా ఇనపడతాండాదప్పా. మీ ఆఫీసరును అడిగి చూడు, నాకూ ఒకటి బిగిస్తాడేమో.”